పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు, మావి ఇండియావి. ఇంటికి తిరిగి వచ్చేస్తున్నాం, దారి చెప్పండి

పాలకొల్లు_పిల్ల · నవంబర్ 8, 2025

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు, మావారిది ఖమ్మం. పన్నెండేళ్ళుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. మా ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. అక్టోబర్ 31తో మావారి ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత 60 రోజులే గడువు కదా, అంటే డిసెంబర్ 30. ఆయన వెతుకుతూనే ఉన్నారు కానీ కొత్త హెచ్‌1బీలకి లక్ష డాలర్ల ఫీజు అన్న వార్త వచ్చాక ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంక చాలు, ఊరికి వెళ్ళిపోదాం అనుకున్నాం.

మా సంగతి ఎలాగో అవుతుంది. నా టెన్షనంతా పిల్లల గురించే. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. పాప 2017లో పుట్టింది. 2018లో ఊరికి తీసుకెళ్ళినప్పుడు ఓసీఐ (విదేశీ పాస్‌పోర్టు ఉన్న భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే జీవితకాలపు కార్డు) తీసుకున్నాం. 2022లో దాని పాస్‌పోర్టు రెన్యువల్ చేయించాం, ఓసీఐ సంగతి మాత్రం మళ్ళీ పట్టించుకోలేదు. బాబు 2023లో పుట్టాడు. వాడు ఇంతవరకు ఇండియా చూడలేదు, ఓసీఐ కూడా లేదు.

తెలిసిన కన్సల్టెంట్ ఒకాయన "బాబుకి ఆన్‌లైన్‌లో టూరిస్టు వీసా పెట్టండి, నాలుగు రోజుల్లో వస్తుంది, అక్కడికెళ్ళి ఓసీఐకి మార్చుకోవచ్చు" అన్నారు. అది నిజమేనా? జూన్‌లో స్కూళ్ళు తెరిచేసరికి పాపని చేర్పించాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

తెల్లాపూర్_తల్లి · నవంబర్ 8

అక్కా, ఆ టూరిస్టు వీసా పని మాత్రం చేయకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ కన్సల్టెంట్‌కి డబ్బులు కట్టకండి. మేము 2023లో వచ్చేశాం. టూరిస్టు వీసా మీద వచ్చిన పిల్లలకి ఇక్కడ ఉండి ఓసీఐ పెట్టుకునే వీలు లేదు.

మంగళగిరి_తాతయ్య · నవంబర్ 9

అమ్మా, మాకు జరిగింది చెబుతాను. ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

మా అబ్బాయి, కోడలు న్యూజెర్సీలో ఉంటారు. ఇద్దరికీ షిఫ్టులు. మనవరాలిని ఒక సంవత్సరం మా దగ్గర ఉంచుతామన్నారు. ఐదేళ్ళ ఈ-టూరిస్టు వీసా తీసుకున్నారు. కాగితం మీద ఐదేళ్ళని ఉంది కాబట్టి ఐదేళ్ళూ ఉండవచ్చనుకున్నాం. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు దాని మీద ఒకసారి వస్తే ఒకే విడతగా 180 రోజులకు మించి ఉండకూడదని మాకెవరూ చెప్పలేదు. కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉందట. మేము చదవలేదు. ఇక్కడ ఒక స్కూల్లో చేర్పించాం, వాళ్ళూ వీసా చూడలేదు, ఫీజు కట్టించుకున్నారు.

తీసుకెళ్ళడానికి కోడలు వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆఫీసరు పాప పాస్‌పోర్టులో ముద్ర చూశారు, వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టారు, మళ్ళీ ముద్ర చూశారు. "అమ్మా, పాప ఉండాల్సిన రోజులు ఎప్పుడో అయిపోయాయి, ఎగ్జిట్ పర్మిట్ లేకుండా పంపలేను" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, మర్యాదగానే చెప్పారు. పాప ట్రాలీ మీద సూట్‌కేసుకి తల ఆన్చి నిద్రపోతోంది. ఆ రాత్రి రెండు గంటలకి అంత సామానూ వెనక్కి తోసుకుంటూ బయటికి వచ్చాం. తర్వాత ఎఫ్ఆర్ఆర్ఓకి (విదేశీయుల నమోదు ఆఫీసు) ఆన్‌లైన్‌లో దరఖాస్తు, జరిమానా, పర్మిట్ వచ్చేదాకా ఎదురుచూపు. టికెట్ డబ్బులు పోయాయి. అంతకంటే, ఆరేళ్ళ పిల్ల "నేను తప్పు చేశానా తాతయ్యా" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను.

బాబుకి ముందు ఓసీఐ చేయించండి. ఆ తర్వాతే టికెట్ కొనండి.

పాలకొల్లు_పిల్ల · నవంబర్ 9

తాతయ్యగారూ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. కన్సల్టెంట్‌కి వద్దని చెప్పేశాను. కానీ డిసెంబర్ 30 లోపు ఓసీఐ రాకపోతే?

హ్యూస్టన్_రాజు · నవంబర్ 9

పాలకొల్లు గారూ, మీ ముందు రెండు విషయాలు ఉన్నాయి. రెండూ కలిపి చూడటం వల్ల కంగారు పడుతున్నారు. విడివిడిగా చూడండి.

మొదటిది మీ దంపతులది. 60 రోజులు అయ్యేలోపు ఐ-539 ఫారం వేసి బీ-2 (సందర్శకుల) స్టేటస్‌కి మార్చమని అడగవచ్చు. గడువు లోపల వేస్తే, అది పెండింగ్‌లో ఉన్నంతకాలం మీరు అక్రమంగా ఉన్నట్టు లెక్క కాదు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. ఇల్లు సర్దుకోవడానికి, పిల్లాడి కాగితాలకి ఆ వ్యవధి సరిపోతుంది. ఒకసారి లాయర్‌తో మాట్లాడి వేయండి. ఇంకో మాట. లక్ష డాలర్ల ఫీజు అమెరికాలోనే ఉండి ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి హెచ్‌1బీ మార్చుకునేవాళ్ళకి లేదు. మీవారిని ఇంటర్వ్యూల్లో ఎవరైనా ఆ వంకతో వెనక్కి పంపుతుంటే ఈ సంగతి వాళ్ళకి చెప్పమనండి. దేశం దాటి వెళ్ళాక కొత్తగా పిటిషన్ వేస్తే మాత్రం ఆ ఫీజు మీద పడుతుంది. వెళ్ళేముందు అది మనసులో పెట్టుకోండి.

రెండోది బాబుది. వాడు అమెరికా పౌరుడు, ఇక్కడ వాడికి గడువేమీ లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరు ఇండియా పౌరులైనా పిల్లలకి ఓసీఐ ఇస్తారు. ఇక్కడ ఫీజు 275 డాలర్లు, దాని మీద సర్వీస్ ఛార్జీలు వేరే. ఇండియాలో పెడితే 15,000 రూపాయలు. మీది హ్యూస్టన్ కాన్సులేట్ పరిధి. బాబు పాస్‌పోర్టు కాపీ, మీ ఇద్దరి పేర్లూ ఉన్న బర్త్ సర్టిఫికెట్, మీ పాస్‌పోర్టులు, పెళ్ళి సర్టిఫికెట్, అడ్రస్ రుజువు, తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన అనుమతి పత్రం. బర్త్ సర్టిఫికెట్ చిన్నది కాకుండా లాంగ్ ఫారం తెప్పించుకోండి. చిన్నదాంట్లో తల్లిదండ్రుల పేర్లు లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది.

ఎంత ప్రయత్నించినా ఆలస్యమైతే ఎంట్రీ వీసా ఉంది, ఎక్స్ వీసా అంటారు. ఇండియా మూలాలున్నవాళ్ళకి ఇచ్చేది అదే. 180 రోజులకు మించిన వీసా అయితే పెద్దవాళ్ళు దిగిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, 12 ఏళ్ళలోపు పిల్లలకి అది అక్కర్లేదు. ఇండియాలో కొన్నాళ్ళు నివాసం ఉన్నాక ఆ వీసా మీద నుంచి ఓసీఐకి వెళ్ళవచ్చు. టూరిస్టు వీసాకి లేని వీలు ఇదే. ఓసీఐ ఉంటే ఎన్నేళ్ళున్నా ఆ నమోదు గొడవే లేదు.

తెల్లాపూర్_తల్లి · నవంబర్ 10

రాజుగారు అన్నీ చెప్పారు, ఒక చిన్న విషయం కలుపుతాను. సంతకం చేయలేని పిల్లలకి ఆ గడిలో వేలిముద్ర వేయించాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. మా వాడికి అప్పుడు పద్నాలుగు నెలలు. స్టాంప్ ప్యాడ్ చూడగానే పిడికిలి బిగించేశాడు. బలవంతంగా తీస్తే ముద్ర గడి దాటి పక్క గడిలోకి పాకింది. అలా ఆరు కాగితాలు పాడుచేశాం. చివరికి మధ్యాహ్నం గాఢంగా నిద్రపోతున్నప్పుడు మావారు సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే, నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలు మెల్లగా విప్పి అద్దాను. అరగంట పట్టింది. నాలుగైదు ఖాళీ కాగితాల మీద ఒకేసారి వేయించి, బాగా వచ్చినది స్కాన్ చేయండి. సిరా బేబీ ఆయిల్‌తో పోతుంది.

పాలకొల్లు_పిల్ల · నవంబర్ 10

ఇవాళే స్టాంప్ ప్యాడ్ కొన్నాను. మరి పాప ఓసీఐ? అందులో పాత పాస్‌పోర్టు నంబరే ఉంది. అది చెల్లదా? కొత్త కార్డు తీసుకోవాలా?

హ్యూస్టన్_రాజు · నవంబర్ 10

చెల్లుతుంది, కొత్త కార్డు అక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో ఆ రూల్ మార్చారు. అంతకుముందు 20 ఏళ్ళలోపు పిల్లలకి పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ ఓసీఐ కూడా మార్పించాల్సి వచ్చేది, తల్లిదండ్రులు నానా తిప్పలు పడేవాళ్ళు. ఇప్పుడు 20 ఏళ్ళు నిండాక వచ్చే మొదటి పాస్‌పోర్టుకి ఒక్కసారి మార్పిస్తే చాలు. ఈలోగా పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు కాపీ, కొత్త ఫొటో పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి. ఫీజు లేదు. కొత్త పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లోపు చేయమన్నారు. మీకు మూడేళ్ళు దాటింది, అయినా ఇవాళే కూర్చుని చేయండి. రసీదు ప్రింటు తీసి ఓసీఐ కార్డుతో పాటే ఉంచండి. పాత పాస్‌పోర్టు తప్పనిసరిగా వెంట ఉండాలన్న నిబంధన ఇప్పుడు లేదు. నేనైతే తీసుకెళ్ళమనే చెబుతాను.

కర్నూలు_అమ్మ · నవంబర్ 11

పాలకొల్లు చెల్లీ, పాప ఓసీఐ 2018ది అన్నావు కదా. ఆ కార్డు బంగారం కంటే భద్రంగా దాచు. ఎందుకో చెబుతాను. ఈ మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

మా పెద్దవాడు అట్లాంటాలో పుట్టాడు. నాలుగో ఏట కర్నూలు వచ్చేశాం. ఇక్కడే చదివాడు, తెలుగు నా కంటే బాగా రాస్తాడు. ఇంటర్‌లో బైపీసీ తీసుకుని నీట్‌కి ప్రిపేర్ అవుతుండగా 2021 మార్చి 4న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ రాయవచ్చు కానీ ఎన్ఆర్ఐ సీట్లకి, సూపర్ న్యూమరరీ (మామూలు సీట్లకి అదనంగా పెట్టే) సీట్లకి మాత్రమే అర్హులు, భారత పౌరులకే కేటాయించిన సీట్లు వాళ్ళకి లేవు అని. నాకు బాగా గుర్తుంది. వాడు బయాలజీ పుస్తకం మూసేసి మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఎన్ఆర్ఐ కోటా ఫీజులు మాలాంటి జీతగాళ్ళు ఊహించుకోలేరు.

తర్వాత అలాంటి పిల్లలే కోర్టుకి వెళ్ళారు. 2023 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ నోటిఫికేషన్ అప్పటినుంచి ముందుకే వర్తిస్తుంది, 2021 మార్చి 4కి ముందే ఓసీఐ తీసుకున్నవాళ్ళ పాత హక్కులు పోవు అని. జేఈఈ అడ్వాన్స్‌డ్ బ్రోచర్‌లో కూడా ఇప్పుడు ఆ తేదీయే గీత. దానికి ముందు కార్డు ఉన్నవాళ్ళు ఇండియన్ పిల్లలతో సమానంగా పోటీ పడవచ్చు. ఆ తర్వాత కార్డు వచ్చినవాళ్ళు విదేశీయుల కింద లెక్క.

అందుకే చెబుతున్నాను. పాప కార్డు మీద ఉన్న ఆ 2018 తేదీయే దానికి రేపు ఆధారం. కార్డు రెండు వైపులా స్కాన్ చేసి పెట్టుకో. 20 ఏళ్ళు నిండాక కొత్త కార్డుకి వెళ్ళినప్పుడు కూడా పాత కార్డు కాపీలు పారేయకు.

బాబు సంగతి వేరే. వాడికి ఇప్పుడు తీసుకునే ఓసీఐ ఆ తేదీ తర్వాతది. ఒకే ఇంట్లో ఒకే అన్నం తిని పెరిగే పిల్లలు, ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఇంకో రూలు. ఇది నాకు న్యాయంగా అనిపించదు. అయినా ఉన్నదున్నట్టు ఇప్పుడే తెలుసుకుంటే మంచిది, పదిహేనేళ్ళ తర్వాత తెలిస్తే మేము పడ్డ బాధే మీరూ పడతారు.

పాలకొల్లు_పిల్ల · నవంబర్ 11

అక్కా, ఇది చదివాక ఇద్దరం రాత్రంతా మాట్లాడుకున్నాం. బాబు గురించి ఇంత దూరం ఆలోచించనే లేదు.

వరంగల్_వాసి · నవంబర్ 11

ఇంత అవస్థ ఎందుకు? బాబుకి ఇండియన్ పాస్‌పోర్టు కూడా తీసేయండి. తల్లిదండ్రులిద్దరూ ఇండియన్సే కదా. ఊళ్ళో బర్త్ సర్టిఫికెట్ చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఎవరూ చూడరు.

హ్యూస్టన్_రాజు · నవంబర్ 11

వరంగల్ బ్రదర్, దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అమెరికాలో పుట్టిన బిడ్డకి ఊళ్ళో పుట్టినట్టు సర్టిఫికెట్ చేయిస్తే అది దొంగ కాగితం. మీరన్నట్టు ఇవాళ ఎవరూ చూడకపోవచ్చు. పిల్లవాడు పద్దెనిమిదేళ్ళప్పుడు అమెరికా వెళ్దామని ఎయిర్‌పోర్టుకి వెళితే అప్పుడు చూస్తారు. ఒక దేశం ముద్ర ఒక పాస్‌పోర్టులో, ఇంకో దేశం ముద్ర ఇంకోదాంట్లో. అప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆ పిల్లవాడు.

చట్టప్రకారం దారి ఉంది. భారత పౌరుల మైనర్ పిల్లల్ని పౌరులుగా నమోదు చేయడానికి పౌరసత్వ చట్టం 5వ సెక్షన్‌లో వీలుంది. పెద్దయ్యాక తనే కావాలనుకుంటే, ఐదేళ్ళు ఓసీఐ ఉండి, దరఖాస్తుకి ముందు ఏడాది ఇండియాలో నివాసం ఉంటే అదే సెక్షన్ కింద పెట్టుకోవచ్చు. ఏ దారిలో వెళ్ళినా అమెరికా పౌరసత్వం వదులుకోక తప్పదు. పిల్లల తరఫున తల్లిదండ్రులు దాన్ని వదిలేస్తామంటే అమెరికా ఒప్పుకోదు. కాబట్టి రెండేళ్ళ బాబు విషయంలో ఇప్పుడు చేయాల్సింది ఓసీఐ ఒక్కటే. మిగతాది వాడు పెద్దయ్యాక వాడి ఇష్టం.

మంగళగిరి_తాతయ్య · నవంబర్ 12

రాజుగారి మాటే నా మాట. కాగితంలో అబద్ధం ఉంటే నిద్రపట్టదు.

ఒకటి గుర్తొచ్చింది. ఈ ఓసీఐ కార్డులు మొదట ఇచ్చింది మన హైదరాబాద్‌లోనే. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ అక్కడ జరిగినప్పుడు మన్మోహన్ సింగ్ గారి చేతుల మీదుగా ఇచ్చారు. అప్పుడు పేపర్లో చదివి మనకెందుకులే అనుకున్నాను.

నానక్‌రామ్‌గూడ_నాన్న · నవంబర్ 14

ఆలస్యంగా చూశాను. ఇండియా కాగితాల మీదే అందరూ మాట్లాడారు, అమెరికా పాస్‌పోర్టు గడువు సంగతి ఎవరూ అనలేదు. 16 ఏళ్ళలోపు పిల్లలకి అది ఐదేళ్ళే. మీ పాపకి 2022లో చేయించారు కాబట్టి 2027లో, బాబుకి 2028లో మళ్ళీ చేయించాలి, అదీ ఇండియా నుంచి. హైదరాబాద్ కాన్సులేట్‌లోనే అవుతుంది. 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారింది. పిల్లలకి పోస్టులో రెన్యువల్ ఉండదు, ప్రతిసారీ డీఎస్-11 ఫారంతో స్వయంగా వెళ్ళాలి. ఫీజు 135 డాలర్లు.

ముఖ్యమైన సంగతి, తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళాలి. ఒకవేళ మీవారికి ఏ దుబాయ్‌లోనో, కెనడాలోనో ఉద్యోగం వచ్చి అక్కడుంటే, ఆయన డీఎస్-3053 మీద నోటరీ ముందు సంతకం చేసి, తన ఐడీ కాపీతో సహా మీకు పంపాలి. నా విషయంలో అదే జరిగింది. నేను మస్కట్‌లో ఉన్నాను, ఆ కాగితం రావడం ఆలస్యమై అపాయింట్‌మెంట్ పోయింది. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పిల్లల్ని ఉంచేవాళ్ళు ఈ విషయం ముందే చూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు ముగిస్తే, ఓసీఐ జీవితకాలం చెల్లినా ప్రయాణం కుదరదు.

కూకట్‌పల్లి_టీచర్ · నవంబర్ 15

స్కూలు వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. అడ్మిషన్‌కి పాస్‌పోర్టు, ఓసీఐ, బర్త్ సర్టిఫికెట్, అక్కడి స్కూలు రిపోర్ట్ కార్డులు, ట్రాన్స్‌ఫర్ కాగితం తెచ్చుకోండి. అమెరికా స్కూళ్ళు మనలాగా టీసీ ఇవ్వవు. వాళ్ళ లెటర్‌హెడ్ మీద ఏ తరగతి వరకు చదివిందో రాయించుకోండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి విదేశీయులకి సంబంధించి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, 1946 నాటి పాత చట్టం పోయింది. విదేశీ పిల్లల వివరాలు స్కూళ్ళు ప్రభుత్వానికి తెలియజేయాలి. కాబట్టి కాగితాలు అడిగితే విసుక్కోకండి, అడగని స్కూలే ప్రమాదం.

స్కూల్లో చేర్చిన దగ్గర్నుంచి ఆధార్ అడుగుతారు. ఓసీఐ ఉన్నవాళ్ళకి ఆధార్ ఇస్తారు, కాకపోతే ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. దిగిన వారంలోనే సెంటర్‌కి తిరిగి అలసిపోకండి.

పాలకొల్లు_పిల్ల · నవంబర్ 17

పాప కొత్త పాస్‌పోర్టు అప్‌లోడ్ అయింది, రసీదు వచ్చింది. బాబు ఓసీఐ ఫైలు పంపాం. వేలిముద్ర తెల్లాపూర్ అక్క చెప్పినట్టే నిద్రలో వేయించాను, రెండోసారికే వచ్చింది. ఐ-539 కూడా లాయర్ వేస్తున్నారు.

పాలకొల్లు_పిల్ల · జనవరి 9, 2026

బాబు కార్డు వచ్చింది! ఎనిమిది వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి ఫైలు హోల్డ్‌లో పెట్టారు. మా పెళ్ళి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు పుట్టింటిది, పాస్‌పోర్టులో అత్తింటిది. రెండూ నావేనని అఫిడవిట్ ఇచ్చాక కదిలింది. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళు ఇది ముందే సిద్ధం చేసుకోండి. ఇప్పుడే టికెట్లు కొన్నాం. 25న దిగుతాం.

కర్నూలు_అమ్మ · జనవరి 9

చాలా సంతోషం చెల్లీ. క్షేమంగా రండి. కర్నూలు వైపు వస్తే మా ఇంటికి రావాలి.

పాలకొల్లు_పిల్ల · ఫిబ్రవరి 3

వచ్చేశాం. శంషాబాద్‌లో పాప ఓసీఐలో పాత నంబరు చూసి ఆగుతారేమోనని గుండె దడదడలాడింది. కౌంటర్‌లో ఆఫీసరు కొత్త పాస్‌పోర్టు చూశారు, కంప్యూటర్లో ఏదో సరిచూసుకున్నారు, ముద్ర వేసి ఇచ్చేశారు. రసీదు అడగనే లేదు, అయినా చేతిలో ఉందన్న ధైర్యం వేరు.

ప్రస్తుతం పాలకొల్లులో అమ్మ దగ్గర ఉన్నాం. మావారు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకి తిరుగుతున్నారు. పాప 2018 కార్డు రెండు వైపులా స్కాన్ చేసి నా దగ్గర, తమ్ముడి దగ్గర, మెయిల్‌లో పెట్టాను. అసలుది అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. మావారు డీఎస్-3053 ఫారం ప్రింటు తీసి పక్కన పెట్టుకున్నారు, ఎందుకైనా మంచిదని. ఆధార్‌కి 182 రోజులు జులై 26కి నిండుతాయి, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నాను.

కూకట్‌పల్లి టీచర్ గారూ, పాప అక్కడ మూడో తరగతి సగంలో ఉండగా వచ్చేసింది. జూన్‌లో ఇక్కడ నాలుగులో వేయమని అడగనా, మూడే మళ్ళీ చదివించనా? తెలుగు చదవడం రాదు, మాట్లాడుతుంది.

కూకట్‌పల్లి_టీచర్ · ఫిబ్రవరి 4

వయసు ప్రకారం నాలుగులోనే వేయండి. జూన్‌కి నాలుగు నెలల సమయం ఉంది. రోజూ అరగంట అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించండి, చాలు.